దెబ్బకు ముందు ఏం జరిగిందో చూడండి

విశాఖపట్నంలో చక్రాల స్కేట్లతో ఆడే రోలర్ హాకీ, ఇన్‌లైన్ హాకీ పోటీలు నిర్వహిస్తున్న పెద్దలకు, క్రమశిక్షణ సంఘం సభ్యులకు, తోటి రిఫరీలకు, కోచ్‌లకు నమస్కారం.

ఈ సీజన్‌లో వెలువడిన రెండు తీర్పుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకదానిలో చాలా పెద్ద శిక్ష పడింది. రెండోదానిలో శిక్ష పడిందనడానికి కూడా లేదు. రెండూ తప్పేనని నా అభిప్రాయం, రెండు తప్పులకూ మూలం ఒకటే. ఆటగాడు ఏం చేశాడన్నది పక్కన పెట్టి, అవతలివాడికి ఎంత దెబ్బ తగిలిందన్నదే మీరు చూశారు.

మొదటి సంఘటన మీ అందరికీ గుర్తుంది. అండర్-17 మ్యాచ్. గోలుకు ఎదురుగా ఒక అబ్బాయి షాట్ కొట్టాడు. కొట్టిన ఊపులో స్టిక్ పైకి లేచింది. వెనుక నుంచి పక్ (ఈ ఆటలో స్టిక్‌తో కొట్టే గుండ్రటి బిళ్ళ) కోసం వంగి దూసుకొస్తున్న ప్రత్యర్థి దవడకు అది తగిలింది. దవడ ఎముక విరిగింది, రెండు పళ్ళు ఊడిపోయాయి, నేలంతా రక్తం. గాయపడిన అబ్బాయిని ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్ళే లోపలే ఇక్కడ నిర్ణయం జరిగిపోయింది. కొట్టిన అబ్బాయిపై ఏడాది నిషేధం. ‘ఉద్దేశపూర్వకంగా కొట్టాడు’ అని కాగితం మీద రాశారు. ఆ ఉద్దేశం దేన్నిబట్టి తెలిసిందో మాత్రం రాయలేదు.

రెండోది మీలో చాలామందికి గుర్తుండదు. అదే టోర్నమెంటు, మరో మ్యాచ్. పక్ అప్పటికే రింక్ (ఆట స్థలం) అవతలి కొసకు వెళ్ళిపోయింది. ఒక ఆటగాడు పనిగట్టుకుని వెనక్కి తిరిగి, గోడవైపు ముఖం పెట్టి ఉన్న పిల్లవాడి వీపు మీద రెండు చేతులూ వేసి నెట్టాడు. ఆ పిల్లవాడు సమయానికి చేతులు ముందుకు చాచగలిగాడు. తల బోర్డుకు (రింక్ చుట్టూ ఉండే ఆ గోడకు) జానెడు దూరంలో ఆగింది. లేచి, దులుపుకుని, మళ్ళీ ఆడాడు. నెట్టినవాడికి రెండు నిమిషాలు బయట కూర్చునే పెనాల్టీ పడింది, అంతే. అసలు ఇన్‌లైన్ హాకీలో శరీరంతో ఢీకొట్టడమే నిషిద్ధం. వెనుక నుంచి, గోడ పక్కన, పక్ దగ్గర లేని ఆటగాడిని నెట్టడం ఈ ఆటలో అన్నిటికంటే ప్రమాదకరమైన పని. దానిమీద విచారణ లేదు, వీడియో చూడలేదు, కోచ్‌ను పిలిచి ఒక మాట అడగలేదు. పిల్లవాడు లేచి నిలబడ్డాడు కాబట్టి విషయం అక్కడితో ముగిసింది.

ఈ రెండింటిలో మెడ విరిచేసే పని ఏది? నిజాయితీగా చెప్పండి.

ఐస్ హాకీ ఈ ప్రశ్నను మనకంటే చాలా ముందు నుంచి, చాలా బాధపడి ఎదుర్కొంది. లేహ్, కార్గిల్ పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద ఆడే ఆటనే మన పిల్లలు సముద్రపు గాలి తగిలే సిమెంటు నేల మీద చక్రాలతో ఆడుతున్నారు. జాతీయ స్కేటింగ్ పోటీలకు ఆతిథ్యం ఇచ్చిన నగరం మనది. అంత పేరున్న చోట శిక్షలు వేసే పద్ధతి కూడా ఆ స్థాయిలో ఉండాలి. అందుకే ఆ ఆటలో జరిగిన కొన్ని ఘటనలను మీ ముందు పెడుతున్నాను.

2000 ఫిబ్రవరి 21న కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన మ్యాచ్ ముగియడానికి కొన్ని సెకన్లే ఉన్నాయి. బోస్టన్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ వెనుక నుంచి వచ్చి, వాంకూవర్ ఆటగాడు డొనాల్డ్ బ్రషీర్ తల మీద స్టిక్‌తో కొట్టాడు. బ్రషీర్ వెల్లకిలా పడ్డాడు, తల మంచుకు కొట్టుకుంది, మూర్ఛ వచ్చింది. కేసు కోర్టుకు వెళ్ళింది. తల మీద కొట్టాలనుకోలేదని, భుజం మీద కొట్టి గొడవకు పిలవాలనుకున్నానని మెక్‌సోర్లీ చెప్పాడు. న్యాయమూర్తి విలియం కిచెన్ ఆ మాటను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో తీర్పులో వివరించారు. ఏళ్ళ తరబడి స్టిక్ పట్టి బతికిన వృత్తి ఆటగాడు అంత దగ్గరి నుంచి గురి తప్పడన్నది ఆయన తర్కం. ఆయుధంతో దాడి చేసినట్లు నిర్ధారించి, పద్దెనిమిది నెలల షరతులతో విడిచిపెట్టారు. ఆ మ్యాచ్‌లు నడిపే ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రధాన ఐస్ హాకీ లీగ్) ఏడాది సస్పెన్షన్ వేసింది. మెక్‌సోర్లీ మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు.

ఆ న్యాయమూర్తి రక్తాన్నిబట్టి తీర్పు చెప్పలేదు. పక్ ఎక్కడుంది, ఎంత దూరం నుంచి వచ్చాడు, స్టిక్ ఎలా తిరిగింది, తిప్పినవాడి నేర్పు ఎంత అని చూశారు. చివరి అంశం మనకు మరీ ముఖ్యం. అదే తర్కాన్ని పదిహేనేళ్ళ పిల్లవాడికి అలాగే అతికిస్తే అన్యాయం జరుగుతుంది. వృత్తి ఆటగాడి చేతిలో స్టిక్ అదుపు తప్పదని అనుకోవచ్చు. మన అండర్-17 పిల్లల చేతిలో అది రోజూ అదుపు తప్పుతుంది. అదుపు నేర్పడానికే కదా వాళ్ళను పొద్దున్నే లేపి రింక్‌కు తీసుకొస్తున్నాం.

ఇంకో కేసు ఇంతకంటే బరువైనది. 2004 ఫిబ్రవరి 16న కొలరాడో ఆటగాడు స్టీవ్ మూర్, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నస్లండ్‌ను ఢీకొట్టాడు. నస్లండ్ తలకు దెబ్బ తగిలి కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. లీగ్ పరిశీలించి, అది ఐస్ హాకీ నిబంధనలు అనుమతించే చెక్ (శరీరంతో ఢీకొట్టడం) అని తేల్చింది. వాంకూవర్ జట్టు శాంతించలేదు. ప్రతీకారం గురించి బహిరంగంగానే మాట్లాడుకున్నారు. మార్చి 8న రెండు జట్లూ మళ్ళీ ఎదురైనప్పుడు, మూడో పీరియడ్‌లో వాంకూవర్ చిత్తుగా ఓడిపోతున్న వేళ, టాడ్ బెర్టూజీ మూర్ వెంటపడి, జెర్సీ పట్టుకుని వెనుక నుంచి తల మీద గుద్దాడు. అతని మీదే పడ్డాడు. మూర్ మెడలో మూడు వెన్నుపూసలు చిట్లాయి. మూర్ మళ్ళీ వృత్తి హాకీ ఆడలేదు. బెర్టూజీ అదే ఏడాది డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజ సేవ విధించారు. లీగ్ విధించిన నిరవధిక సస్పెన్షన్ 2005 ఆగస్టులో ఎత్తేశారు. మూర్ వేసిన సివిల్ దావా 2014లో రాజీతో ముగిసింది.

బెర్టూజీ మూర్ మెడ విరగ్గొట్టాలనుకున్నాడని నేను అనను. అలా అనడానికి ఆధారం లేదు. కానీ మూర్‌ను కొట్టాలనుకున్నాడు. ఆ కొట్టడం ఆటలో భాగం కాదు. ఇక్కడ రెండు ఉద్దేశాలున్నాయి. ఆ పని చేయాలన్న ఉద్దేశం ఒకటి, దాని ఫలితం రావాలన్న ఉద్దేశం మరొకటి. మన సమావేశాల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. ‘పాపం, అంత దెబ్బ తగులుతుందని వాడు అనుకోలేదు’ అంటూ ఒకణ్ణి వదిలేస్తున్నారు. ‘దవడ విరిగిందంటే కావాలని కొట్టినట్టే’ అంటూ మరొకణ్ణి ఏడాది బయట కూర్చోబెడుతున్నారు. ఫలితం కోరుకున్నాడా అన్నది ఎవరి మనసులోకీ తొంగి చూసి చెప్పలేం. ఆ పని కావాలని చేశాడా అన్నది చాలాసార్లు కంటికి కనిపిస్తుంది.

ఈ కేసులో నాకు నిద్ర పట్టనివ్వని విషయం మరొకటుంది. ఆ మూడు వారాలు. దెబ్బ ఒక్క క్షణంలో తగిలింది, దాని తయారీ మూడు వారాలు సాగింది. తర్వాత సివిల్ దావాలో బెర్టూజీ తన కోచ్‌ను కూడా బాధ్యుడిగా లాగాడు, చివరికి ఆ వాదన విరమించుకున్నాడు. న్యాయపరంగా అది ఎటు తేలేదో ఏమో గానీ, మనం మాత్రం అడగవలసిన ప్రశ్న అక్కడే ఉంది. మన రింక్ చుట్టూ నిలబడి ‘వాణ్ణి వదలొద్దు’, ‘ఈసారి చూపించు’ అని అరిచే పెద్దవాళ్ళు ఎవరు? బెంచీ మీద నుంచి అరుస్తున్నది ఎవరు? రెండో సంఘటనలో వెనుక నుంచి నెట్టిన పిల్లవాడు అంతకు రెండు నిమిషాల ముందు బెంచీ దగ్గరకు వెళ్ళి వచ్చాడు. అక్కడ అతనికి ఎవరు ఏం చెప్పారో మీరు అడగలేదు. పిల్లవాడి ఉద్దేశాన్ని విచారించేటప్పుడు, ఆ ఉద్దేశాన్ని వాడి చెవిలో పోసినవాళ్ళను కూడా విచారించాలి. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

సరిగ్గా అదే తేదీన, 2011 మార్చి 8న, మాంట్రియల్‌లో జరిగింది పూర్తిగా వేరే కథ. బోస్టన్ కెప్టెన్ జ్డెనో చారా, మాంట్రియల్ ఆటగాడు మాక్స్ పాచియొరెటీని బోర్డుల వెంట నెట్టాడు. రెండు బెంచీల మధ్య గాజు పలక మొదలయ్యే చోట నిలువు కంబం ఉంది. పాచియొరెటీ తల దానికి కొట్టుకుంది. మెడ వెన్నుపూస చిట్లింది, మెదడుకు తీవ్రమైన అదురు తగిలింది. చారాను మ్యాచ్ నుంచి పంపించేశారు. ఆ తర్వాత లీగ్ పరిశీలించి, తలను గురిపెట్టినట్టు ఆధారం కనిపించలేదని, అది ఆటలో భాగంగా జరిగిందని చెప్పి సస్పెన్షన్ వేయలేదు. నగరం భగ్గుమంది. పోలీసులు కూడా దర్యాప్తు చేశారు, అభియోగాలు మాత్రం నమోదు కాలేదు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నాకు ముఖ్యమైనది తర్వాత జరిగిన పని. ఆ మూలల్లో వంపు తిరిగిన, ఒత్తిడికి లొంగే గాజు పలకలను లీగ్ అన్ని స్టేడియంలలోనూ పెట్టించింది. తప్పు ఎవరిదని అడిగినప్పుడు జవాబులో కొంత భాగం ఆ కంబానికి కూడా దక్కింది.

మన రింక్‌లో ఆ దవడ విరిగిన సాయంత్రం నేల ఎలా ఉందో ఎవరైనా రాసిపెట్టారా? సముద్రం మీది తేమతో చీకటి పడేసరికి సిమెంటు జారుడుగా మారుతుందని ఇక్కడ ఆడేవాళ్ళందరికీ తెలుసు. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో సన్నని ఇసుక కూడా వచ్చి పడుతుంది. వెనుక నుంచి వచ్చిన అబ్బాయి వంగాడా, జారాడా? గాయపడిన అబ్బాయి హెల్మెట్‌కు దవడ మూసే పంజరం ఎందుకు లేదు? అండర్-17లో అది తప్పనిసరి చేయని బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం కంటే ఒక పిల్లవాడి పేరు రాసి కింద సంతకాలు పెట్టడం తేలిక. ఆ రాత్రి జరిగింది అదే.

అనుమానం మనిషిని ఏం చేస్తుందో కూడా చెప్పాలి. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో నాటింగ్‌హామ్ జట్టు ఆటగాడు ఆడమ్ జాన్సన్ మెడకు ప్రత్యర్థి స్కేట్ బ్లేడు తగిలింది. అతను చనిపోయాడు. వయసు 29 ఏళ్ళు. కొద్ది రోజులకే పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి బెయిలుపై విడిచిపెట్టారు. నేరం మోపడానికి తగిన ఆధారం లేదని ప్రాసిక్యూషన్ ప్రకటించింది మాత్రం 2025 ఏప్రిల్‌లో. ఏడాదిన్నర పాటు, కాలు కావాలనే లేపాడని కొందరు, ఢీకొన్న ఊపులో లేచిందని కొందరు, ఒకే వీడియో ముక్కను లక్షలసార్లు తిప్పి తిప్పి వాదించుకున్నారు. ఆ ప్రత్యర్థి ఆటగాడి మీద జాతి దూషణలు కూడా కురిపించారు. ఈ గోల మధ్య ఒక మంచి పని కూడా జరిగింది. మెడకు రక్షణ పట్టీని ఇంగ్లండ్‌లో తప్పనిసరి చేశారు, ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య పోటీలలోనూ తప్పనిసరి చేశారు.

క్రికెట్ చూసే మనవాళ్ళకు 2014 నవంబరు గుర్తుండే ఉంటుంది. సిడ్నీలో షాన్ అబాట్ వేసిన బౌన్సర్ తగిలి ఫిలిప్ హ్యూస్ చనిపోయినప్పుడు, జట్టు సహచరులూ అభిమానులూ అబాట్‌ను దగ్గరకు తీసుకున్నారు. బౌన్సర్ ఆటలో ఉన్న బంతి అని అందరికీ తెలుసు కాబట్టి అది సాధ్యమైంది. ఫలితం మరణమే అయినా, చేసిన పని ఏమిటో వాళ్ళు చూశారు. మన పిల్లలకు కూడా ఆ పాటి న్యాయం దక్కాలి.

మీరు ఆ రాత్రి చూసిన వీడియో గురించి ఒక మాట. మీరు చూసింది ఎవరో ఫోనులో తీసి, నెమ్మదింపజేసి వాట్సాప్‌లో పంపిన కొద్ది క్షణాల ముక్క. యూజీన్ కరూసో, మరో ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే ఘటనను నెమ్మదిగా చూసినవారు మామూలు వేగంతో చూసినవారి కంటే ఎక్కువగా ‘కావాలనే చేశాడు’ అని భావించారు. నెమ్మదించిన వీడియోలో ఆ మనిషికి ఆలోచించుకునే సమయం దొరికినట్టు మనకు తోస్తుంది. నిజానికి అతనికి దొరికింది రెప్పపాటు. నెమ్మది వీడియో పనికిరాదని కాదు. స్టిక్ ఎక్కడ తగిలిందో తెలుసుకోవడానికి అది కావాలి. ఉద్దేశం తెలుసుకోవడానికి మాత్రం మామూలు వేగంతో, ఆ ఆట మొదలైన దగ్గర నుంచి చూడాలి. దెబ్బ తగిలిన క్షణం కంటే దానికి ముందున్న అయిదారు సెకన్లే ఎక్కువ చెబుతాయి.

కావాలని చేసినదానికీ అనుకోకుండా జరిగినదానికీ మధ్య చాలా పెద్ద చోటుంది. మన సంఘం ఆ చోటును గుర్తించడం లేదు. అంతర్జాతీయ ఐస్ హాకీ నిబంధనల్లో ప్రత్యర్థిని లెక్కలేనితనంతో ప్రమాదంలోకి నెట్టడం విడిగా పెద్ద తప్పు. ‘గాయపరచాలనుకున్నాడు’ అని నిరూపించనక్కరలేదు. ప్రమాదం కళ్ళెదుట కనిపిస్తున్నా పట్టించుకోకపోతే చాలు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎత్తిన స్టిక్ తగిలి గాయమైతే, అది పొరపాటే అయినా, నాలుగు నిమిషాల పెనాల్టీ పడుతుంది, ఎందుకంటే నీ స్టిక్‌కు నువ్వే బాధ్యుడివి. షాట్ కొట్టే మామూలు ఊపులో అనుకోకుండా తగిలితే మాత్రం అక్కడ మినహాయింపు ఉంది. గాయపరచాలని ప్రయత్నిస్తే ఆట నుంచే పంపించేస్తారు. ఈ మెట్లు మనకూ ఉంటే, షాట్ ఊపులో స్టిక్ లేపిన అబ్బాయి, అజాగ్రత్త ఉందని తేలితే దానికి తగిన శిక్ష మాత్రమే అనుభవించి, ఇప్పటికి తిరిగి వచ్చి ఆడుతూ ఉండేవాడు. వెనుక నుంచి నెట్టినవాడు కొన్ని మ్యాచ్‌లు బయట కూర్చునేవాడు.

గాయం తీవ్రతను అసలు చూడవద్దని నేను అనడం లేదు. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళ భద్రతా విభాగం కూడా గాయాన్నీ, ఆటగాడి పాత చరిత్రనూ లెక్కలోకి తీసుకుంటుంది. కానీ చేసిన పని తప్పని తేలాక, శిక్ష ఎంతో నిర్ణయించేటప్పుడు ఆ రెండింటికీ చోటుంది. తప్పు ఉందా లేదా అని తేల్చే దగ్గరే రక్తం చూపిస్తే, ఇక విచారణ ఎందుకు?

చట్టం సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. ఇద్దరు వినోదం కోసం కత్తిసాము చేయడానికి ఒప్పుకుంటే, మోసం లేకుండా ఆడిన ఆటలో తగిలే గాయానికి కూడా ఒప్పుకున్నట్టేనని పాత శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్ ఉదాహరణ చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 25వ సెక్షన్. అయితే అందులో చెప్పిన సమ్మతి పద్దెనిమిదేళ్ళు దాటినవారిది. మన రింక్‌లో ఆడేవాళ్ళలో ఎక్కువమంది ఆ వయసుకు రానివాళ్ళే. అంటే ‘ఆటన్నాక దెబ్బలు మామూలే, అన్నీ తెలిసే దిగారు’ అన్న మాట మన దగ్గర అంత తేలిగ్గా చెల్లదు. టోర్నమెంటు ఫారం మీద తల్లిదండ్రుల సంతకం తీసుకున్నంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. పిల్లల తరఫున జాగ్రత్త తీసుకోవలసింది మనం.

దవడ విరిగిన అబ్బాయిని నేను మరచిపోలేదు. అతను వారాల తరబడి గొట్టంతో ద్రవాహారం తీసుకున్నాడు. ఆ తల్లి కోపం న్యాయమైనది. ఆమెకు కావలసినవి చికిత్స ఖర్చు, పళ్ళు కట్టించే ఖర్చు, చదువులో పోయిన రోజులకు బడిలో సాయం, తన కొడుకు క్షేమం గురించి సంఘం నుంచి ఒక మనిషి వచ్చి అడగడం. వీటిలో ఒక్కటీ ఇవ్వకుండా, ఇంకో తల్లి కొడుకు మీద ఏడాది నిషేధం వేసి, న్యాయం చేశామని ఆమెకు చెప్పారు. గాయపడినవారికి సాయం అందడానికి ఎవరో ఒకరు దోషి అని తేలేదాకా ఆగనక్కరలేదు. ప్రతి టోర్నమెంటు ప్రవేశ రుసుములో కొంత భాగం పక్కన పెట్టి, ఆటగాళ్ళందరికీ ప్రమాద బీమా చేయించండి. ఇది నేను కొత్తగా అడుగుతున్నది కాదు. సమావేశాల్లో చాలాసార్లు అడిగాను.

ఇక విచారణ పద్ధతి. తీవ్ర గాయమైన రాత్రి ఎవరి మీదా శాశ్వత నిర్ణయం తీసుకోకండి. అవసరమైతే ఆ టోర్నమెంటు వరకు ఆటగాడిని పక్కన కూర్చోబెట్టండి, అది చాలు. ఆ తర్వాత, ఆ రెండు జట్లతో సంబంధం లేని ముగ్గురు కూర్చోవాలి. వారిలో ఒకరైనా ఈ ఆట ఆడినవారై ఉండాలి. పూర్తి వీడియో తెప్పించి ముందు మామూలు వేగంతో చూడాలి. పక్ ఆడే దూరంలో ఉందా, అవతలివాడు తనకు కనిపిస్తున్నాడా, తప్పుకునే వీలుందా, ఆ వయసుకూ ఆ అనుభవానికీ ఎంత అదుపు ఆశించవచ్చు, అంతకుముందు ఇద్దరి మధ్య ఏదైనా నడిచిందా అని అడగాలి. కొట్టిన పిల్లవాడిని పెద్దవాళ్ళ గుంపు మధ్య నిలబెట్టి గద్దించకండి. తండ్రినో తల్లినో పక్కన కూర్చోబెట్టుకుని, అతను చెప్పేది చివరిదాకా వినండి. గాయపడిన పిల్లవాడు కోలుకున్నాక అతనూ చెప్పాలి. చాలాసార్లు నిజం అతనికే బాగా తెలుసు. నిర్ణయంతోపాటు కారణాలు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. ఎన్‌హెచ్‌ఎల్ 2011 నుంచి ప్రతి సస్పెన్షన్‌కూ కారణాలు వివరిస్తూ వీడియో విడుదల చేస్తోంది. మనకు వీడియో అక్కరలేదు, ఒక పేజీ చాలు.

ఏడాది నిషేధం పడిన అబ్బాయి ఇప్పుడు రింక్ వైపు రావడం లేదు. బడిలో అతణ్ణి ‘దవడ విరగ్గొట్టినవాడు’ అని పిలుస్తున్నారు. అతని వాదన ఇంతవరకు ఏ సమావేశంలోనూ ఎవరూ వినలేదు. వచ్చే నెల సమావేశం ఎజెండాలో ఆ తీర్పు పునఃపరిశీలనను చేర్చండి. అతణ్ణీ, అతని తండ్రినీ పిలవండి. అదే రోజు ఆ రెండో మ్యాచ్ కోచ్‌ను కూడా పిలవండి. రెండు మ్యాచ్‌ల పూర్తి వీడియోలూ నా దగ్గర ఉన్నాయి, నేనే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
విశాఖలో ఈ ఆట ఆడి, ఇప్పుడు రిఫరీగా పనిచేస్తున్న ఒకరు